ముడుపుల మోకు

నేను ఒక మోకుని. పుట్టింది కోనసీమ కొబ్బరి పీచులో. నన్ను నానబెట్టి, కొట్టి, పేని, తారు పూసి తాళ్ళరేవులో ఒక ఓడకి కట్టారు. తెరచాప కొయ్య నిటారుగా నిలబడాలంటే రెండు వైపుల నుంచీ మాలాంటి మోకులు లాగి పట్టుకోవాలి. ఓడని నీళ్ళలోకి దించిన రోజున పసుపూ కుంకుమా కొయ్యకే పెట్టారు, హారతీ కొయ్యకే ఇచ్చారు. కొబ్బరినీళ్ళు కాసిని నా మీద చిందాయి. అదే ప్రసాదమనుకున్నాను.

కొయ్య బాగా లావు. ముడుపు కట్టాలంటే చేతులు చుట్టూ అందవు. అందుకని ఓడలో పనిచేసే కళాసీలు పసుపుగుడ్డలో నాణెం మూటగట్టి నాకు కట్టడం మొదలుపెట్టారు. కడుతూ గంగమ్మ తల్లికి చెప్పుకునేవన్నీ ముందు నేనే వినేదాన్ని. ఒకడు గాలి బాగా వీచాలనేవాడు. కడుపులో తిప్పేవాడొకడు అసలు గాలే వద్దనేవాడు. ఇద్దరికీ అమ్మ ఎలా సర్దుతుందో నాకు బోధపడేది కాదు. ఓడ నడిపే సరంగు ధర్మన్న, భార్యకి సుఖంగా కాన్పు కావాలని కట్టాడు. అందరూ కింద కడితే భద్రయ్య అనే కళాసీ మాత్రం పైకి పాకి, ఎవరికీ వినపడనంత ఎత్తులో కట్టాడు.

"అమ్మా, మా అత్త అప్పాయమ్మ గొంతు కాత్త తగ్గించు తల్లీ. మొత్తం వొద్దు, సగం చాలు" అన్నాడు.

నవ్వాపుకోలేక ఊగాను. గాలి అనుకున్నాడు.

ఆ ఏడాది పెంకుల సరుకుతో వెళుతుండగా తుఫాను పట్టుకుంది. కొయ్య విరిగి సముద్రంలో పడింది. పడ్డది పోకుండా నన్ను పట్టుకుని వేలాడుతూ, ప్రతి కెరటానికీ ఓడ పక్కని గుద్దుతోంది. మిగతా మోకులన్నీ అప్పటికే తెగిపోయాయి. నన్ను నరికితే కొయ్య వదిలిపోతుంది. నరక్కపోతే చెక్కలు పగిలి అందరూ మునుగుతారు.

"నరకండ్రా!" అని అరిచాడు ధర్మన్న.

గొడ్డలి పట్టుకున్నవాడు కదల్లేదు. "ముడుపులున్నాయండి. అమ్మోరికి కోపం వత్తాది."

"మునిగిపోయాక ఇంకేం కోపంరా!"

"అయితే తవరే నరకండి."

ధర్మన్న గొడ్డలి అందుకుని ఎత్తాడు. భార్య పేర కట్టిన ముడుపు కనిపించింది. దించేశాడు.

"ముడుపులకి అవతల నరికితే సరి కదండీ?" అన్నాడు ఇంకొకడు. నిజమే. ముడుపులన్నీ ఓడ అంచు దగ్గరే ఉన్నాయి. అందరి మొహాలూ వెలిగాయి. అంతలో దూరంగా కెరటం మీద, కొయ్య వైపున్న నా కొసకి కట్టిన ఒక పసుపు మూట తేలింది.

"అదెవడిదిరా?"

"నాదేనండి" అన్నాడు భద్రయ్య.

"ఏం కోరావేంటి?"

"మా ఇంట్లో శాంతి గురించండి."

మరో దెబ్బకి చెక్క పెళ్ళున చీలింది. భద్రయ్య సముద్రానికి దండం పెట్టి గొడ్డలి లాక్కున్నాడు. "పోనీండి. నా కట్టమేదో నేనే పడతాను!" రెండు వేట్లకి నేను రెండయ్యాను. కొయ్య పోయింది, ఆ మూటా పోయింది, ఓడ మిగిలింది.

ధర్మన్నకి ఆడపిల్ల పుట్టింది. మిగిలిన నా ముక్కని రేవు దగ్గర గంగమ్మ గుడిలో వేలాడదీశారు. ఏళ్ళ తరబడి పట్టుకున్నప్పుడు లేని పసుపూ కుంకుమా, తెగాక నాకు దక్కాయి. మనుషుల లెక్క నాకు అర్థం కాదు.

అప్పాయమ్మ ప్రతి శుక్రవారం వస్తుంది. "నా అల్లుడు బంగారమే తల్లీ! పదిమంది కోసం తన ముడుపు వదులుకున్నాడు! ఆడేం కోరుకున్నాడో అది తీర్చెయ్యవే!" అని అరుస్తుంది. ఆ గొంతులో గుడిగంట కూడా వినపడదు. వెనక భద్రయ్య తల వంచుకుని నిలబడతాడు.

ఆ మూట పడింది సముద్రంలో, అంటే గంగమ్మ ఒళ్ళోనే. అందలేదనడానికి లేదు. మరి అమ్మ వినలేదా, విని నవ్వుకుందా?

మొన్న భద్రయ్య కొత్త ముడుపు తెచ్చి, అందరి ఎదుటా నాకు కట్టాడు.

"మా అత్తకి నిండు నూరేళ్ళ ఆయుస్సు ఇయ్యి తల్లీ" అన్నాడు. ముడి బిగించి, నాకు మాత్రమే వినపడేలా, "గొంతు సంగతి నీ ఇట్టం" అన్నాడు.