పిడికిట్లో పన్ను

హిలారియా కొండమీద ఉన్ని కోసం పెంచే లామాలు మేపుతుంటే వానకు కోసుకుపోయిన గండిలో దొరికిందా పన్ను. వేలెడంత పొడవు, కొడవలి వంపు, అంచు ఇంకా పదునే. పాతకాలపు ఎముకల తవ్వకాలకని పట్నం నుంచి వచ్చినవాళ్లు చూసి, ఇది గిట్టల జంతువుదన్నారు. గుర్రానిదీ కాదు, లామాదీ కాదు, ఆ జాతంతా ఎప్పుడో నశించి పళ్లే మిగిలాయట. ఇమ్మని బతిమాలినా ఆమె ఇవ్వలేదు.

మే నెలలో టింకు పోరుకి దాన్ని పిడికిట్లో బిగించి దిగింది.

ఏటా ఆ రోజు హిలారియా ఊరూ, పక్కనున్న చుల్పానీ చర్చి ముందు చేరి వట్టి చేతులతో కొట్టుకుంటాయి. కారిన రక్తం భూమితల్లికి. కిందటేడు చుల్పాని ఊరి నికొలాసా గుద్దుకి హిలారియా చెల్లెలు ఎమెటేరియా కన్ను పోయింది. పోరన్నాక మామూలేనని ఊరు సర్దుకుంది. హిలారియాకి మాత్రం ఏడాదంతా తిండి సయించలేదు.

హిలారియా కొట్టిన మొదటి రెండు దెబ్బలూ నికొలాసా కాచుకుని, తనే ముందుకొచ్చింది. హిలారియా పక్కకి తప్పుకుని పన్నున్న పిడికిలి విసిరి కొట్టింది. నికొలాసా చెంప పెదవి దాకా చీలిపోయింది. చీలికలోంచి దవడ తెల్లగా కనిపించింది. ఆమె మోకాళ్ల మీద కూలినా హిలారియా వదల్లేదు, నుదుటి మీద మరొకటి వేసింది.

పోరు నడిపే పెద్దమనిషి కాసిమిరో కొరడా హిలారియా మణికట్టు మీద పడింది. పిడికిలి విడిపోయి పన్ను నేలమీద పడింది. వెనకున్న సొంత ఊరివాళ్లే నాలుగడుగులు దూరం జరిగారు.

ఎమెటేరియా దగ్గరికొచ్చింది. "నా కన్ను వట్టి చేత్తో పోయిందక్కా. తలెత్తుకునే తిరుగుతున్నా. ఇప్పుడెట్టా తిరగమంటావు?"

నికొలాసా రక్తం ఉమ్మి, తనను లేపమంది. చీలిన చెంపను శాలువా కొంగుతో కట్టించుకుంది.

"ఇంకా అయిపోలేదు. ఇప్పుడు రావే, నీకూ చేతులున్నాయిగా."

పన్ను అంచుకి హిలారియా అరచెయ్యి కూడా కోసుకుపోయి ఉంది. రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. అయినా వెళ్లింది. మొదటి దెబ్బకే ముక్కు విరిగింది. రెండుసార్లు పడి రెండుసార్లు లేచింది. కడుపులో మోకాలు దిగాక మాత్రం లేవలేకపోయింది. నికొలాసా ఆమె జుట్టు పట్టి ముఖాన్ని మట్టికేసి రుద్దుతుంటే, ఎవరూ ఆపలేదు. చివరికి కాసిమిరోనే చాలన్నాడు. ఇక ఎన్నడూ బరిలోకి రావద్దని హిలారియాతో అందరి ముందూ చెప్పాడు.

ఎమెటేరియా అక్క చంకలో చెయ్యి వేసి లేపింది. కొండదారిలో సగం దూరం వెళ్లాక హిలారియా ఏదో చెప్పబోయింది.

"నా కోసమే చేశానని మాత్రం అనకు," అంది చెల్లెలు.

 హిలారియా రెండు వేళ్లూ మళ్లీ వంగలేదు. ఇక నేయలేక తన మగ్గం చెల్లెలికిచ్చేసింది.