పాలు తాపిన మాట

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ నా నాలుగేళ్ల కొడుకు నరసింహను కూర్చోబెట్టి చెయ్యి తీసింది. మెడ వాలిపోయింది. అప్పుడామె వాణ్ణి వదిలి నన్నూ, నా మొగుడు సుంకప్పనూ చూసింది.

"పెళ్లికి ముందు మీరిద్దరూ ఏమవుతారు?"

"మామే. మా యమ్మ తమ్ముడు," అన్నాను.

ఆమె చీటీ వెనక గీతలు గీసింది. ఎటు నుంచి గీసినా మా అవ్వ దగ్గరికే వచ్చి చేరాయి. "దగ్గరి సంబంధం చేసుకున్న అందరికీ ఇలా కాదు. మీ ఇంట్లో మాత్రం కడుపులో ఉన్నదానికీ ఆ భయం ఉంది. ఈ జబ్బుకు మందు లేదు. పెద్దమ్మాయినైనా దగ్గరి సంబంధం చేయకండి."

నాకప్పుడు అయిదో నెల.

ఇంకో ఆడదైతే "మీ వంశంలోనే ఉంది" అని మొగుణ్ణి దెప్పి పుట్టింటికి పోయేది. నేనెవరిని దెప్పాలి? మా అవ్వే నా అత్త. నా పుట్టిల్లు మా వీధిలోనే మూడో గడప. ఏ తిట్టు తిట్టినా తిరిగొచ్చి నాకే తగులుతుంది. మా ఊరు కోసిగి చేరేదాకా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

మేం చేరేసరికి అమ్మ ఇంటి అరుగు మీద తాంబూలం పళ్లెం పెట్టుకుని పెద్దమనుషులు కూర్చున్నారు. నా కూతురు కృష్ణవేణికి పదమూడేళ్లు. నా తమ్ముడు తిమ్మయ్య దానికంటే నెల పెద్ద. అమ్మా నేనూ ఒకే గదిలో పురుడు పోసుకున్నాం. ఆనాడే వీళ్లిద్దరికీ ముడి పెట్టేశారు.

డాక్టరమ్మ మాట చెప్పాను. అవ్వ నవ్వింది.

"ఏమే గిడ్డమ్మా, నన్నూ మా మామకే ఇచ్చిరి. పదిమందిని కన్నా. ఇట్లాంటి బిడ్డుండే ఇంటి పిల్లను బయటోళ్లు యాడ చేసుకుంటారే? మనోడు గాబట్టి చేసుకుంటాండాడు."

అదీ నిజమే. పెద్దాయన పళ్లెం ఎత్తాడు.

"తిమ్మయ్యకు నేను పాలు తాపినా," అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది.

"అమ్మకు జొరమొచ్చి పాలెండిపోతే పదైదు దినాలు నా రొమ్మే తాగినాడు. వాడు నాకు కొడుకప్పా. కొడుక్కి కూతుర్నెట్లిస్తారు?"

పచ్చి అబద్ధం. వీధిలో తల్లి లేని బిడ్డలకు కూడా పాలిచ్చానని అమ్మ ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

"ఏమ్మా సుబ్బరత్నమ్మా, నిజమేనా?" పెద్దాయన అమ్మను అడిగాడు.

అమ్మ నా భుజం మీద వాలిన నరసింహ తలను చూసింది.

"నిజమే. నాకు పాలు లేకపాయ," అంది తల దించుకుని.

పళ్లెం లోపలికి వెళ్లింది. "ఇంక దీన్ని ఎవురు చేసుకుంటారో నేనూ చూస్తా," అని అవ్వ మెటికలు విరిచింది. కృష్ణవేణి గడపలో నిలబడి మా అందరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఇంటికి పోదాం రా," అన్నాడు సుంకప్ప మామ.

నా తాంబూలాలనాడు కూడా అమ్మ ఈ అరుగు మీదే ఉంది. ఆనాడు ఎవరికీ ఒక్క అబద్ధం తోచలేదు. నరసింహను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటుంటే కడుపులో బిడ్డ మొదటిసారి కదిలింది. మామకు చెప్పలేదు.