గూడు చుట్టు దారి

రేవులో పడవ దింపుతుంటే బర్ల్ మావయ్య నాన్న కాళ్ల వైపు చూసి ఈల వేశాడు.

"ఏం వెర్లిన్, మళ్లీ పెళ్లి చేసుకుంటున్నావా? ఏంటా బూట్లు?"

"నా కూతురు కొనిచ్చింది. నీకెందుకు ఏడుపు?"

"ఏడుపు కాదురా. తాళ్లు లేవేంటి? ఆ బొడిపేంటి మధ్యలో?"

నాన్న కాలు పడవ అంచు మీద పెట్టి చూపించాడు. బొడిపె తిప్పితే సన్నటి ఉక్కు తీగ బిగుసుకుంటుంది. బొడిపె పైకి లాగితే మొత్తం వదులైపోతుంది.

"అబ్బో! టీచరమ్మా, నా పళ్లు కూడా ఊడిపోయాయి. వచ్చే నెల జీతంలో నన్ను కాస్త గుర్తుపెట్టుకో" అన్నాడు మావయ్య నాతో. తన పడవ మోటారు తిప్పి ఎగువకు వెళ్లిపోయాడు. ఆయనా నాన్నలాగే పట్నం నుంచి వచ్చేవాళ్లను చేపల వేటకు తీసుకెళ్తాడు. పేరుకు మావయ్యే గాని చుట్టమేమీ కాదు.

ఆ బూట్లు కొనడానికి కారణం ఉంది. నలభై ఏళ్లు చల్లటి నీళ్లలో నానిన నాన్న వేళ్లు ఉదయం పూట వంగవు. పోయిన శీతాకాలమంతా అమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఆయన బూట్ల తాళ్లు కట్టింది. కట్టినంతసేపూ ఆయన తల తిప్పుకుని గోడ వైపు చూసేవాడు. మా ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటి మనిషిని నేను. ఆయన తెడ్డు వేసిన డబ్బుతోనే చదివాను. ఇప్పుడు మా ఊరి బడిలో సైన్సు చెబుతున్నాను. ఆయన గోడ వైపు చూడకుండా ఉండాలని ఆ బూట్లు కొన్నాను.

మా నదిలో నీళ్లు డ్యామ్ అడుగు నుంచి వస్తాయి. ఎండాకాలంలోనూ చేతులు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి కాబట్టే ఇక్కడ ట్రౌట్ చేపలు బతుకుతాయి. పట్నానికి కరెంటు కావాల్సి వచ్చినప్పుడు నీళ్లు వదులుతారు. అంతవరకూ మోకాలి లోతున్న చోట మనిషి మునిగిపోతాడు. డ్యామ్ దగ్గర సైరన్ మోగుతుంది గాని, గాలి ఎదురు తిరిగితే వంపు దాటి వినబడదు. ఆ రోజు మధ్యాహ్నం దాకా వదలరని ఫోనులో చెప్పారు. ఆ మాట ఎప్పుడైనా మారవచ్చని కూడా చెప్పారు, ఎప్పుడూ చెప్పినట్టే. అందుకే ఇక్కడ నీళ్లలో దిగే ప్రతివాడూ ముందు ఒక రాయి తీసి నీటి అంచున పెడతాడు. రాయి తడిసిందంటే బయటికి రావాలి. చేప గాలానికి ఉన్నా సరే, తెంపేసుకుని రావాలి.

వంపు దాటాక పడవను చెట్టుకు కట్టేశాం. నాన్న రాయి పెట్టాడు. నది మధ్యలో గులక దిబ్బ ఉంది. అక్కడికి నేరుగా వెళ్తే మోకాలి లోతు కూడా ఉండదు. కానీ ఆ దారిలో నాచంతా తుడిచేసినట్టు ఒక తెల్లటి గులక మచ్చ కనిపించింది. రెయిన్‌బో ట్రౌట్ గూడు. ఆడ చేప తోకతో గులకను తొలిచి గుడ్లు పెట్టి, మళ్లీ కప్పేస్తుంది. అది ఇంకా అక్కడే, దాని మీదే నిలబడి ఉంది.

"పెద్ద తల్లే" అన్నాడు నాన్న గొంతు తగ్గించి, నిద్రపోతున్న పిల్ల పక్కన మాట్లాడినట్టు.

గూడు తొక్కకూడదు. నాకు నడక వచ్చినప్పటి నుంచీ తెలిసిన విషయం అది. చిన్నప్పుడు ఒకసారి పొరపాటున కాలు పెట్టబోతే నాన్న నన్ను చంకలో ఎత్తుకొచ్చి ఒడ్డున కూర్చోబెట్టాడు. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. అందుకని దిగువ నుంచి రాతి పలకల మీదుగా చుట్టూ తిరిగి దిబ్బ ఎక్కాం. అక్కడ తొడల దాకా నీళ్లు. పలకల పక్కనే లోతు.

మబ్బు పట్టిన రోజు. పొద్దెక్కాక నీళ్ల మీద బూడిదరంగు పురుగులు లేవడం మొదలైంది. నాన్న రాత్రి ఈకలతో, దారంతో గాలానికి చుట్టిన ఉత్తుత్తి పురుగును కట్టి, నేను ఎగువకు విసిరాను.

"దారం నీళ్ల మీద లాగుతోంది. చేప చూసి నవ్వుకుంటోంది" అన్నాడు.

"నీ దగ్గరే నేర్చుకున్నా."

"నేర్పింది నేనే. నేర్చుకుంది ఎవరో మరి!"

ఉన్నట్టుండి చేపలు పిచ్చెక్కినట్టు పట్టసాగాయి. నాకొకటి, ఆయనకొకటి, మళ్లీ నాకు. నీరు పెరగడం మొదలైన తొలి క్షణాల్లో చేపలు అలాగే తింటాయి. అడుగున ఉన్న మేతంతా లేచి వస్తుంది కదా. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా చేపనే చూస్తున్నాం. నాన్నే ముందు తల తిప్పాడు.

"అమ్మాయ్. రాయేది?"

రాయి లేదు. అది ఉన్న చోట నీళ్లున్నాయి.

ఇద్దరం దారాలు తెంపేసి దిగాం. నేరుగా, గూడు మీదుగా వచ్చి ఉంటే తొడల లోతులో ఒడ్డు చేరేవాళ్లం. మా ఇద్దరిలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. కాళ్లు వాటంతటవే దిగువకు, పలకల వైపు తిరిగాయి. చేతికర్రతో లోతు చూసుకుంటూ నాన్న ముందు, నేను వెనక. నీళ్లు నడుము దాకా వచ్చాయి. సగం దాటామో లేదో ఆయన ఒక్కసారిగా కుంగిపోయాడు.

చంక కింద చేయి వేసి పట్టుకున్నాను.

"పలకల మధ్య పడింది కాలు. రావట్లేదమ్మా."

"మెలితిప్పు."

"విరిగిందే తల్లీ. తిప్పలేను."

లాగాను. ఆయన అరిచాడు. నాన్న అరవగా నేను ఎప్పుడూ వినలేదు. ఊపిరి పట్టి తల ముంచి తడిమాను. బూటు చీలమండ దాకా సందులో ఇరుక్కుంది. బొడిపె వేళ్లకు తగిలింది. పైకి లాగాను. కదల్లేదు. ఇసుక బిగుసుకుపోయింది దాని కింద. మళ్లీ లాగాను. నా వేళ్లు పట్టుకున్నాయో లేదో నాకే తెలియడం లేదు.

పైకి లేచేసరికి నీళ్లు ఆయన పొట్ట దాటాయి. ఆయన ఒంటి మీద ఉన్నది ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగు. అంచు దాటి లోపలికి నీళ్లు పోతే మనిషి రాయే. కర్ర మీద బరువంతా వేసి నిలబడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"రావట్లేదు నాన్నా, బొడిపె రావట్లేదు."

"మీ అమ్మ కట్టిన ముడయితే కోసేద్దుం..." అని ఆగిపోయాడు. నా మొహం చూశాడు. "అది కాదమ్మా. నేనన్నది అది కాదు."

దారం కత్తిరించే చిన్న కత్తెరతో మళ్లీ మునిగాను. ఉక్కు తీగ మీద అది జారింది, ఇంకోసారి నొక్కితే చేతిలోంచే పోయింది. పడవ తెద్దామా అంటే, తాడు విప్పిన మరుక్షణం ప్రవాహం దాన్ని మమ్మల్ని దాటించి తీసుకుపోతుంది. పైగా నేను వదిలితే ఆయన నిలబడలేడు. గట్టిగా కేకలు వేశాను. బర్ల్ మావయ్య పేరు పెట్టి, దేవుణ్ణి, ఎవరినో. గాలి నా కేకల్ని నాకే తిప్పికొట్టింది.

"వదిలెయ్. ఒడ్డుకి పో. మీ అమ్మకి ఒక్కళ్లయినా ఉండాలి."

"నోర్ముయ్ నాన్నా."

"తండ్రితో మాట్లాడే తీరేనా ఇది? ఇదేనా మీ కాలేజీలో..." నవ్వబోయాడు. పళ్లు టకటకా కొట్టుకుని మాట తెగిపోయింది. ఆయన టోపీ నీళ్ల మీద తేలిపోతుంటే ఇద్దరం అటే చూశాం, చేసేదేమీ లేనట్టు.

గాలం ఊడదీసే చిన్న పటకారు నా ఛాతీకి వేలాడుతోంది. తెరుచుకోని దాన్ని విరగ్గొట్టాలి, అంతే. మునిగాను. పటకారు మొనను బొడిపె కిందకు దూర్చి, రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి పీకాను. జారింది. మళ్లీ దూర్చాను. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. ఊపిరి అయిపోయింది. అయినా వదల్లేదు. ఏదో పుటుక్కున విరిగింది. పటకారో, బొడిపో, నా వేలో తెలియలేదు. తీగ వదులైంది. కాలు బూటులోంచి జారి వచ్చింది.

పైకి వచ్చేసరికి ఆయన నా మీద వాలిపోయాడు. ప్రవాహం ఇద్దర్నీ లోతు వైపు తోస్తోంది. ఇక మిగిలింది ఒకే చోటు. ఎగువన, గులక ఎత్తుగా ఉన్న చోటు. అటు తిరిగాను.

నాన్న కర్రను అడ్డంగా గుచ్చాడు.

"అటు కాదు."

"అటే."

"గుడ్లున్నాయ్ అమ్మాయ్."

స్పృహ ఉండీ లేనట్టున్న మనిషి, విరిగిన కాలు ఈడుస్తూ, నన్ను నిజంగానే అవతలికి, లోతు వైపుకి లాగాడు. ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కర్రను లాక్కుని పారేశాను. మెడ చుట్టూ చేయి వేసి, ఆయన తిడుతుంటే ఈడ్చుకుంటూ వెళ్లాను. ఆ తల్లి చేప నా కాలు తగిలేదాకా కదల్లేదు. కాలు జారి పడ్డాను. మోకాళ్ల మీదే పాకుతూ ఆయన్ని లాగాను. గులక మెత్తగా కుంగింది. ఎందుకు మెత్తగా ఉందో నాకు తెలుసు.

మోటారు పడవలో నీళ్లతో పాటే దిగి వచ్చిన బర్ల్ మావయ్య మమ్మల్ని ఒడ్డున చూశాడట. అప్పటికి నాన్న వణకడం కూడా మానేశాడు. తన కోటు విప్పి ఆయన మీద కప్పుతూ మావయ్య ఏడుస్తున్నాడు. "లేవరా వెర్లిన్. లేవరా దొంగ వెధవా. నా సుత్తి బాకీ ఉన్నావ్ లేవరా" అంటూనే ఉన్నాడు, రేవు దాకా.

ఆసుపత్రిలో కాలికి మరలు బిగించారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ప్రాణం నిలిచింది. కానీ ఇక నీళ్లలో దిగడం కుదరదని డాక్టరు చెప్పేశాడు. విని నాన్న గోడ వైపు తిరిగాడు. నేను సూపు తెస్తే తాగలేదు. అమ్మ చేతిలోంచి తాగాడు.

కొంచెం తేరుకున్నాక, గోడ వైపే ఉండి అడిగాడు.

"గూడెలా ఉంది?"

"తొక్కేశాం నాన్నా."

"తొక్కేశాం కాదు. తొక్కేశావ్."

"ఇంకో దారి లేదు."

"చూశావా?"

ఇంకో దారి కోసం నేను చూడలేదు.

"వెళ్లి చూసి రా" అన్నాడు. "ఏమన్నా మిగిలిందేమో."

"చావు తప్పి బయటపడ్డావ్, ఇప్పుడు చేప గుడ్ల గోలా నీకు?" అని అమ్మ కసిరింది. ఆయన ఇటు తిరగలేదు. అమ్మ నన్ను వరండాలోకి తీసుకొచ్చి, "పో తల్లీ. ఏదో ఒకటి చూసొచ్చి చెప్పు. తిండి మానేసేలా ఉన్నాడు" అంది.

ఆదివారం నీళ్లు తగ్గాక ఒక్కదాన్నే వెళ్లాను. రాయి పెట్టాను. దిగాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పలకల సందులో బూటు కనిపించింది. బొడిపె ఉన్న చోట గుంట, దానిలోంచి తీగ నీళ్లలో ఊగుతోంది. గూడు వైపు చూశాను. ఆ రోజు వచ్చిన వరద గులకనంతా చదును చేసేసింది. నా మోకాళ్ల జాడ లేదు. తల్లి చేప లేదు. కింద ఏమైనా మిగిలిందో లేదో, మీద చూసి ఎవరూ చెప్పలేరు.

బూటు కోసం వంగబోతూ అప్పుడు గమనించాను. తొడల దాకా నీళ్లలో ఉన్నాను. పలకల మీద ఉన్నాను. నా కాళ్లు మళ్లీ చుట్టు దారిలోనే వచ్చాయి.

రాయి వైపు చూశాను. పొడిగానే ఉంది. నేరుగా, గూడు మీదుగా ఒడ్డుకు వెళ్దామని కాలు ఎత్తాను. కాలు కింద పెట్టలేకపోయాను. మళ్లీ రాయి వైపు చూశాను.