గోడకు వేలాడిన చదువు

నేను ఒక కాగితాన్ని. అలా తేలిగ్గా చూడకండి, నా వెనక నాలుగేళ్ల చదువుంది. నా మీద సుభాషిణి ఫొటో, పేరు, కింద గుండ్రటి ముద్ర. ఈమె రిజిస్టర్డ్ ఫార్మసిస్టు అని కౌన్సిల్ వారు రాసిచ్చిన రోజు, నాకు కాళ్లుంటే నేల మీద నిలిచేవి కావు.

పెళ్లయ్యాక ఆమె నన్ను మండపేటలో వీర్రాజు మందుల షాపుకు అద్దెకిచ్చి కాకినాడ వెళ్లిపోయింది. అందరూ చేసేదేగా అనుకుంది. ఫార్మసిస్టు లేనిదే షాపుకు లైసెన్సు రాదు మరి. అద్దం బిగించుకుని గోడకెక్కాను నేను; కౌంటర్లో నిలబడింది పదో తరగతి గట్టెక్కని వీర్రాజు. మంచివాడే. తొందర, అంతే.

ఒకరోజు పూలమాలలు కట్టే అచ్చియమ్మ, వేళ్ల కీళ్లు వాచిపోయి, డాక్టరు చీటీ పట్టుకొచ్చింది. వారానికి ఒక్కటే వేసుకోవాల్సిన మాత్ర అది. వీర్రాజు అలవాటు కొద్దీ కవరు మీద "రోజూ ఒకటి" అని గీకేశాడు. నేను చూస్తూనే ఉన్నాను. నాకు నోరుంటేనా!

పది రోజులకు మళ్లీ వచ్చింది.

"నోరంతా పూసేసింది బాబూ, గంజి కూడా దిగట్లేదు."

"వేడి చేసుంటాదిలే పిన్నీ, ఇది రాసుకో," అని వీర్రాజు ఓ ట్యూబు చేతిలో పెట్టాడు.

వేడి కాదు, ఆ మాత్రే ఆమెను లోపల్నించి తినేస్తోంది. ఫొటోలో సుభాషిణి నవ్వుతూనే ఉంది. చదువుకున్న తల్లి అని అచ్చియమ్మ ఆ ఫొటోకి దణ్ణం పెట్టి మరీ వెళ్లింది. నాలుగో రోజు పోయింది.

చీటీ, కవరూ బయటపడ్డాయి. కబురు తెలిసి సుభాషిణి పరిగెత్తుకొచ్చి నన్ను గోడ మీంచి పీకేసింది. "నేనే చంపేశాను అన్నయ్యా," అంటూ వీర్రాజు ముందే కూలబడి ఏడ్చింది. ఇప్పుడు ఓ ఆసుపత్రి మందుల గదిలో నన్ను గోడకు తగిలించి, తనే నిలబడుతోంది. అచ్చియమ్మ మాత్రం మమ్మల్ని వదల్లేదు. మల్లెల వాసనొస్తే చాలు, సుభాషిణి చెయ్యి ఆగిపోతుంది. నా అద్దం మీద అచ్చియమ్మ ఊపిరి తడి కనిపిస్తుంది.

మొన్న ఓ జూనియర్ కాలేజీ వాళ్లు ఈ చదువు గురించి చెప్పమని పిలిస్తే నన్ను చంకన పెట్టుకుని వెళ్లింది.

"చీటీ చూసి మాత్రలివ్వడానికి నాలుగేళ్లెందుకు మేడం?" అని ఒకమ్మాయి అడిగింది. క్లాసంతా నవ్వింది.

సుభాషిణి ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పింది. "నోరు పూసిందని ఆవిడ వచ్చినప్పుడు అక్కడ నువ్వుంటే ఏం చేసేదానివి?"

ఆ పిల్ల లేచి నిలబడింది. "ఏ మందు ఎలా వేసుకుంటున్నావమ్మా అని అడిగేదాన్ని మేడం."

"అది అడగడానికేనమ్మా ఆ నాలుగేళ్లు." సుభాషిణి నన్ను బల్ల మీద నిలబెట్టింది. "ఆ రోజు అడిగే మనిషి లేదు. నువ్వు రా."