పగలని దిమ్మలు

నేను ఒక పరీక్షా యంత్రాన్ని. ఇనప చువ్వ ఎంత లాగితే తెగుతుందో, కాంక్రీటు ఎంత బరువుకి పగులుతుందో తేల్చి చెప్పడం నా పని. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అదే నా పాలిట శాపమైంది.

కోయంబత్తూరులో ఒక కార్ఖానాలో పుట్టాను. బయటికి పంపేముందు మేస్త్రీ నా దవడల మధ్య ఒక చువ్వ బిగించి లాగించాడు. అది ఫెళ్లున తెగితే చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను బతికింది ఆ ఒక్క రోజే.

తర్వాత లారీ ఎక్కి మండపేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చాను. వస్తూనే పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఆ వెనకే ప్లాస్టిక్ ముసుగు. కాలేజీకి గుర్తింపునిచ్చే కమిటీ వచ్చినప్పుడు నేను కొత్తగా మెరవాలట! పిల్లలు నా ముందే కూర్చుని సీనియర్ల రికార్డులు చూసి రాసుకునేవారు. ముందు జవాబు, ఆ తర్వాత దానికి సరిపడే రీడింగులు. అలా చదివినవాళ్లే రేపు వంతెనలు కట్టడానికి వెళ్తారు. తలుచుకుంటే నా కడుపులో నూనె గడ్డకట్టేది.

దుర్గాభవాని ఒక్కతే అలా కాదు. వాళ్ల నాన్న పనిచేసే రైసుమిల్లు వెనక ఊక బూడిద గుట్టగా పేరుకుని, ఎగిరి కూలీల కళ్లలో పడేది. అది ఇళ్లు కట్టడానికి పనికొస్తుందేమో చూడాలని ఆ పిల్ల ఆరాటం. ఫైనలియర్ ప్రాజెక్టు కింద సిమెంటు కొంత తగ్గించి, ఆ బూడిద కలిపి కాంక్రీటు దిమ్మలు పోసింది. నెల్లాళ్లు నీళ్లలో నాననిచ్చింది. ఇక నేను పగలగొట్టి చెప్పడమే తరువాయి.

విభాగం పెద్ద కోదండపాణిగారిని ల్యాబ్‌లోనే పట్టుకుంది.

"సార్, ఒక్క పూట మెషీన్ ఇప్పించండి సార్."

"కమిటీ వస్తుంటే దాన్ని ముట్టుకుంటావేంటమ్మా? ఏదన్నా అయితే నా ఉద్యోగం పోద్ది."

"పోనీ బయట చేయించుకోనా సార్?"

"ఇక్కడ మెషీన్ పెట్టుకుని బయటికెళ్తే పరువేముంటది? మామూలు కాంక్రీటు కన్నా కాస్త ఎక్కువొచ్చిందని రాసెయ్."

"రాకపోతే సార్?"

"రాకపోవడమేంటి, రాసేది నువ్వే కదా!"

ఆయన దుర్మార్గుడేం కాదు, భయస్థుడు. ఇలాంటి మంచివాళ్ల భయంతోనే నాకు లోలోపల తుప్పు పట్టింది.

ప్రాజెక్టు ఇవ్వకపోతే డిగ్రీ రాదు. నాలుగు రోజులు ఆయన చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఆ పిల్ల కూడా అంకెలు రాసింది. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

కమిటీవాళ్లు వచ్చారు. ముసుగు తీసి, "బాగా చూసుకుంటున్నారు" అని మెచ్చుకున్నారు. ఒక్కడూ స్విచ్ వేయమనలేదు. వాళ్ల ముందే కాలేజీవాళ్లు భవాని ప్రాజెక్టుకి మొదటి బహుమతి ప్రకటించి, ఆ పిల్లని నా పక్కన నిలబెట్టి ఫోటో తీశారు.

మర్నాడు అది పేపర్లో పడింది. భవాని తన దిమ్మలు తీసుకెళ్లడానికి ల్యాబ్‌కి వచ్చినప్పుడు ఫోన్ మోగింది. మిల్లు యజమాని. ఆయన గొంతు గదంతా వినిపించింది.

"ఏమ్మా భవానీ, మన బూడిద అంత గట్టిదటగా! కూలీలకి ఇళ్లు దాంతోనే కట్టిద్దామనుకుంటున్నా. మీ నాన్నకే మొదటిది. భయం లేకుండా కట్టొచ్చంటావా?"

ఆ పిల్ల నా స్విచ్ మీద చెయ్యి వేసింది. గుమ్మంలో నిలబడ్డ కోదండపాణిగారు వద్దన్నట్టు తలూపారు. చెయ్యి తీసేసింది.

"కట్టొచ్చండి" అంది.

ఆ దిమ్మలు నిజంగానే గట్టివేమో. కాకపోవచ్చు కూడా. ఆ సంగతి నాకూ తెలియదు.