నాలుగొందల పన్నెండు గీతలు

మా కన్నబాబు మావకి మరబోటు ఉంది, బుర్ర మాత్రం లేదు. రెండువేల మూడులో, వేట నిషేధం ఇంకో వారం పది రోజుల్లో ముగుస్తుందనగా, ఊళ్ళో ఏదో హోటల్లో రెండు రోజుల క్లాసుకి వెళ్ళొచ్చాడు. ప్రతి గంటా లెక్కకి రావాలి, లెక్కకి రాని పని పనే కాదు అని అక్కడెవరో టై కట్టుకున్నాయన చెప్పాడట. టై కట్టినవాడు చెబితే మావకి వేదం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. మర్నాడే ఫిషింగ్ హార్బర్లో మేం వల బాగుచేసే రేకుల షెడ్డుకి ఒక నల్లబోర్డూ, ఒక ఈలా పట్టుకొచ్చాడు.

షెడ్డులో నలుగురు ఆడవాళ్ళు. ఒక్కో చిరుగు కుడితే పేరు పక్కన ఒక గీత. గంటకోసారి ఈల. పదో తరగతి పాసైనందుకు గీతలు గీసే పని నాకు పడింది. సుద్దముక్క చేతికొచ్చేసరికి నేనూ ఆఫీసరునైపోయాననుకున్నాను, సిగ్గులేకుండా.

రెండో రోజుకే కిటుకు అందరికీ తెలిసిపోయింది. ఆ నలుగురిలో సాయిదుర్గ వేలు దూరేంత చిరుగులు ఏరుకుని రోజుకి ముప్పై గీతలు కొట్టేది. మా అమ్మ గురువమ్మ మాత్రం వల చివరి సంచి ముందేసుకుని కూర్చుంది. పడిన చేపలన్నీ చేరేది అందులోనే. బండకి తగిలి అది మనిషి దూరేంత చిరిగింది. కుళ్ళిన దారం కోసి, కన్నూ కన్నూ లెక్కపెట్టి కొత్త ముక్క అతకాలి. నాలుగు రోజుల పని. ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుంది, ఈల వేసినా తప్పుతుంది. తప్పినప్పుడల్లా అమ్మ విప్పుకుని మళ్ళీ మొదలెట్టేది.

రెండు రోజులయ్యాక మావ బోర్డు చూశాడు.

"అక్కా, నీ పేరు కాడ ఒక్క గీతా లేదేటి?"

"అయినాక గీసుకుందువుగాని. ఎల్లు."

"అలాగైతే ఎలాగ? నువ్వు టీ సంగతి సూడు. ఇది సాయిదుర్గ సూసుకుంటాది."

ఇరవై ఏళ్ళుగా ఆ బోటు వల మా అమ్మ చేతిలోనే ఉంది. ఆమె సూది కింద పెట్టి నా వైపు చూసింది. అది నాలుగు రోజుల పనని నేను ఒక్క మాట చెప్పాల్సింది. దానికి బదులు ఆమె పేరు పక్కన సున్నా చుట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. సాయిదుర్గ అరపూటలో ఆ చిరుగుని తాడుతో బిగలాగి కుట్టేసింది. దానికీ ఒక గీత. నిషేధం ముగిసేసరికి మొత్తం నాలుగొందల పన్నెండయ్యాయి. మావ ఆ బోర్డుకి దండ వెయ్యడం ఒక్కటే తక్కువ.

తొలి వేట నుంచి పక్క బోట్లు రొయ్యలతో నిండి వచ్చాయి. మా వల నీళ్ళ మీదకి తేలగానే సంచి ఆ కుట్టు దగ్గరే పగిలి, పడినదంతా మళ్ళీ సముద్రంలోకే పోయిందట. మావ షెడ్డులోకొచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు.

"అక్కా, నువ్వే సెయ్యాల."

అమ్మ అతన్ని వదిలేసి నన్నడిగింది.

"ఎన్ని కుట్టేరే?"

"నాలుగొందల పన్నెండు."

"సరిగ్గా కుట్టనిది?"

"ఒకటి."

"ఆ సుద్ద పారేసి ఇలా రా. ఈ అంచు పట్టుకో. నోరిప్పకు."

నాలుగు రోజులు పట్టుకున్నాను. మూడో రోజు మావ వచ్చి, ఎంతవరకు వచ్చిందో తొంగి చూస్తూ షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ తలెత్తలేదు.

"నీ నీడ పని మీద పడతంది. జరగరా."