తెగిన కొసలు

నాకు కోపం ఎక్కువని మా ఊళ్ళో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ముప్పై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. తెలిసీ తెలియకుండా మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అందుకే చిట్టియ్య గురించి ఆ మాట వినగానే ఊరుకోలేకపోయాను. ఊరుకుని ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా పడ్డాను.

"కక్కుర్తిపడి తోడబుట్టినవాణ్ణి చంపుకున్నాడండీ" అన్నాడు కిళ్ళీకొట్టు బంగార్రాజు, నా పొడుం డబ్బా అందిస్తూ. "తాడు కొనుక్కురమ్మంటే యానాం వెళ్ళాడండీ. యానాం ఎవరైనా తాడు కోసం వెళ్తారాండీ? తాగగా మిగిలినదానికి ఏదో చచ్చు తాడు తెచ్చి నైలాన్ అన్నాడు."

"నువ్వు చూశావా?" అన్నాను.

"ఊరంతా అంటోందండీ."

"ఊరంతా కెమిస్ట్రీ చదివిందా?" అని డబ్బా లాక్కుని వచ్చేశాను.

చిట్టియ్య, భీమరాజు అన్నదమ్ములు. రొయ్యల చెరువుల్లో వల లాగడం వాళ్ళ వృత్తి. పట్టుబడి ఉన్న రోజున పెద్ద వల దించి, దానికి కట్టిన తాళ్ళు పట్టుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి లాగుతారు. వరద రోజుల్లో చెరువు పని ఉండదు. అప్పుడు అదే తాడుని మా ఊరికీ ఎదుటి లంకకీ మధ్యనున్న గోదావరి పాయకి అడ్డంగా కట్టి, దోనెలో మనుషుల్ని దాటిస్తారు. దోనెలో నిలబడి, చేతికి చెయ్యి మారుస్తూ తాడు పట్టుకు లాక్కుపోవడమే. రెండువేల ఆరు ఆగస్టు వరదకి లంకలో చిక్కుకున్న ముసలివాళ్ళని తీసుకురావడానికి భీమరాజు ఒక్కడే దోనెలో బయల్దేరాడు. నడిపాయలో తాడు తెగింది. దోనె తిరగబడింది. మనిషి మూడోనాటికి దొరికాడు.

ఆ తాడు కొని ఏడాది కూడా కాలేదు. కొత్త తాడు తెగిందంటే అది నకిలీదే అయ్యుండాలని ఊరు తేల్చేసింది. భీమరాజు భార్య లోవమ్మ కూడా అదే నమ్మింది. అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్ళు, మధ్య వాకిలి ఒకటే. పెదకర్మ నాడు బావగారిని గడప తొక్కనివ్వలేదామె. మర్నాడు వాకిలి మధ్య తాటాకు తడిక కట్టేసింది.

దసరా వెళ్ళాక చిట్టియ్య మా ఇంటికొచ్చాడు. గోనెసంచిలోంచి తెగిన తాడు ముక్క తీసి అరుగు మీద పెట్టాడు. మనిషి సగమైపోయాడు.

"మేష్టారండీ, ఇది నైలానో కాదో మీరు తేల్చాలండీ. తాగుతానండీ, కాదన్ను. తాడు దగ్గర మాత్రం తప్పు చెయ్యలేదండీ. కొట్టువాడు చూపించినవాటిలో మంచిదే తెచ్చాను. ఊరు ఏవనుకున్నా పర్లేదండీ. మా మరదలు ఒక్కర్తీ నమ్మితే చాలు. లేకపోతే ఆ తడిక చూస్తూ నేను బతకలేనండీ."

ఆ అన్నదమ్ములకి నా మాట మీద గురి ఇవాళ్టిది కాదు. తొంభైల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి మా వైపు రొయ్యల చెరువులన్నీ ఖాళీ అయిపోయినప్పుడు, ఒక చెరువు జబ్బు ఇంకో చెరువుకి అంటకుండా ఏం చెయ్యాలో ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి నేను. కాగితాలు రాసి పంచినవాణ్ణి. అప్పటినించీ చెరువుల వాళ్ళకి నేను దేవుడి తర్వాత దేవుణ్ణి. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. అప్పట్లో గొప్పగానే ఉండేది.

పోగు ఒకటి తీసి నిప్పంటించి వాసన చూశాను. నైలానే అనిపించింది. కానీ మేష్టారికి అనిపించింది అంటే బంగార్రాజు ఒప్పుకుంటాడా? హైదరాబాదులో ఒక పెద్ద ల్యాబులో పనిచేస్తున్న నా పాత శిష్యురాలు మధులతకి ఫోన్ చేశాను.

"మాస్ స్పెక్ట్రోమీటరు మీద పెడదాం సార్" అంది. "తాడు పైపోగులు వేరేగా, లోపలి పోగులు వేరేగా తీసి పంపండి. అదే కొట్టులో అదే రకం కొత్త తాడు ఒక జానెడు కూడా కావాలి."

అవి పోస్టులో పంపాను. నెల తర్వాత రమ్మని కబురు చేస్తే రాజమండ్రిలో రైలెక్కి వెళ్ళాను.

అణువుల బరువు తూచే ఆ యంత్రం సంగతి పుస్తకాల్లో చదివాను గాని కళ్ళతో చూడటం అదే మొదలు. పోగుని కరిగించి, ఒక పొడితో కలిపి, చిన్న పళ్ళెం మీద చుక్కలుగా ఆరబెడతారు. దాని మీద లేజరు కొడితే అణువులు పెద్దగా విరగకుండా పైకి లేస్తాయి. గాలి తీసేసిన పొడుగాటి గొట్టంలో వాటిని పరుగు పెట్టిస్తారు. తేలికవి ముందు చేరతాయి, బరువువి వెనకబడతాయి. చేరిన వేళని బట్టి బరువు కడతారు. నా శిష్యురాలు అదంతా అలవోకగా చేస్తుంటే నాకు గర్వంగా ఉంది.

మధులత మొదటి కాగితం నా ముందు పెట్టింది. కాలవగట్టున నాటిన కొబ్బరిచెట్లలా వరసగా నిటారు గీతలు.

"గీతకీ గీతకీ మధ్య దూరం చూడండి సార్. నూట పదమూడు. మళ్ళీ నూట పదమూడు. చివరిదాకా అంతే."

నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. నూట పదమూడు బరువున్న పూసల్ని గొలుసుగా గుచ్చుకుంటూ పోతే అయ్యేది నైలాన్ సిక్స్. ఆ బరువు చవక ప్లాస్టిక్కులకి రాదు. "అసలు సిసలు నైలాన్!" అని బల్ల గుద్దాను. పక్క గదిలో వాళ్ళు తొంగిచూశారు. "ఆ బంగార్రాజు మొహాన కొడతాను దీన్ని!"

మధులత నవ్వలేదు. "రెండో కాగితం కూడా ఉంది సార్" అంది.

"ఆ నూట పదమూళ్ళన్నీ తీసేస్తే మిగిలే బరువు గొలుసు కొసలది. కొత్త తాడులో కొసలన్నీ ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. ఈ తాడులో చూడండి, పక్కనే ఇంకో వరస ఉంది. గొలుసులు మధ్యలో తెగిపోయి, తెగినచోట ఆక్సిజన్ పట్టిన కొసలవి. చిన్న ముక్కలు మరీ ఎక్కువగా ఉన్నాయి. తాడు వరదకి తెగలేదు సార్. అంతకుముందే లోపల్లోపల తెగిపోయి ఉంది."

"మా ఎండలకి పోయుంటుంది."

"ఎండైతే పైపోగులు ఎక్కువగా పోవాలి. లోపలివి కూడా అంతే పాడయ్యాయి. అంటే దేంట్లోనో బాగా నానింది. కొత్త తాడు పోగుల్ని ఉప్పునీళ్ళలో, యాసిడ్‌లో, బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో విడివిడిగా నానబెట్టి చూశాను. బ్లీచింగ్‌లో పెట్టినదాంట్లోనే ఈ కొసలు వచ్చాయి. మీ ఊళ్ళో తాళ్ళు బ్లీచింగ్‌లో పెడతారా సార్?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. "కనుక్కుంటాను" అన్నాను. కనుక్కోవడానికేముంది! వైరస్ రోజుల్లో, చెరువు మారేటప్పుడల్లా వలలూ తాళ్ళూ బ్లీచింగ్ నీళ్ళలో ముంచాలని కాగితాల మీద రాసి పంచినవాణ్ణి నేనే కదా.

తిరుగు రైల్లో ఆ రెండు కాగితాలూ పదిసార్లు చదివాను. ఏలూరు దాటాక రెండోదాన్ని నాలుగు మడతలు పెట్టి బనీను జేబులో దోపుకున్నాను. చిట్టియ్య అడిగింది నైలానా కాదా అని. నైలానే. అబద్ధమాడటం లేదు కదా, అడిగినదానికి జవాబు చెబుతున్నాను. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు. ఇలా నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. పరీక్షలో ఏ కుర్రాడైనా ఇలాంటి జవాబు రాస్తే పేపరు విసిరికొట్టేవాణ్ణి. ముప్పై ఏళ్ళ పరువు పోతుందని భయం వేసింది. ఉన్న మాట అది.

నిడదవోలు వచ్చేసరికి తెల్లారింది. ఇంటికెళ్ళి స్నానం చేసి, తిన్నగా వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాను. చిట్టియ్య వల చిల్లులు పూడుస్తున్నాడు. తడిక అవతల లోవమ్మ బియ్యం ఏరుకుంటోంది. ఆమెకి వినపడేలా మొదటి కాగితం గట్టిగా చదివి, తెలుగులో విడమర్చి చెప్పాను. తాడు అసలైన నైలాన్. నకిలీ కాదు. చిట్టియ్య మోసపోలేదు, మోసం చెయ్యలేదు.

చిట్టియ్య కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. "విన్నావా లోవమ్మా" అన్నాడు తడిక కేసి చూస్తూ. "మేష్టారు మిషను మీద చూపించారంట. నేను తెచ్చింది మంచిదేనంట."

చేటలో బియ్యం చప్పుడు ఆగింది. తర్వాత ఆమె అడిగింది.

"మంచి తాడైతే ఎందుకు తెగిందండీ, మేష్టారూ?"

అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ముప్పై ఏళ్ళలో ఏ స్టూడెంటూ నన్ను అలా నిలబెట్టలేదు. నేను ఏమీ చెప్పకపోయేసరికి చిట్టియ్య మొహం మళ్ళీ వాడిపోయింది. కళ్ళు తుడుచుకున్నాడు.

"ముడి నేనే కట్టానండీ" అన్నాడు మెల్లగా. "చెట్టుకి ఒరుసుకుందేమో. నేనే చూసుకోలేదేమోనండీ."

లేని తప్పు నెత్తినేసుకోవడానికి ఆ మనిషి సిద్ధపడిపోయాడు. ఉన్న తప్పు నా జేబులో ఉంది. నా మీద నాకు కలిగినంత అసహ్యం ఎప్పుడూ ఎవరి మీదా కలగలేదు.

"ముడి కాదురా చిట్టియ్యా. నేను" అన్నాను.

రెండో కాగితం తీశాను. గొలుసుల సంగతి, కొసల సంగతి, బ్లీచింగ్ సంగతి చెప్పాను. వలలకీ తాళ్ళకీ బ్లీచింగ్ పెట్టమన్నది నేనేనని చెప్పాను. నైలాన్‌కి బ్లీచింగ్ పడదని నాకు తెలియదా అంటే తెలుసు. క్లాసులో చెప్పిన పాఠమే. రొయ్యల గురించి రాసేటప్పుడు తాడు గురించి ఆలోచించలేదు, అంతే. చెరువులో తాడు తెగితే ప్రాణం పోదు, కొత్తది కొనుక్కుంటారు, అందుకే ఇన్నేళ్ళూ ఎవరూ నన్ను అడగలేదు.

చిట్టియ్య చేతిలో వల కింద పెట్టేశాడు. లోవమ్మ లేచి లోపలికి వెళ్ళింది. వచ్చి, తడిక పక్కనించి ఒక ప్లాస్టిక్ కవరు అందించింది. అందులో జెరాక్సు కాగితం. నా చేతిరాత.

సిగ్గు లేకుండా నేను మొదట వెతికింది తప్పించుకునే దారి. పది నిమిషాలు అని రాశానేమో, మంచినీళ్ళతో కడగమని రాశానేమో, వాళ్ళే ఎక్కువ నానబెట్టారేమో అని. అక్కడున్నది ఇది: "వలలు, తాళ్ళు, బుట్టలు అన్నీ రాత్రంతా నానబెట్టవలెను." రాత్రంతా అన్న మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. గీసింది నేనే.

"ఆయనకి చదువు రాదండీ" అంది లోవమ్మ. "మా పాప చేత చదివించుకుని బట్టీ పట్టారు. ఎంత అలిసిపోయి వచ్చినా నానబెట్టాకే అన్నం తినేవారండీ. ఒద్దులే అంటే, మేష్టారు గీత గీసి మరీ చెప్పారే అనేవారు."

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె తడిక కట్లు విప్పడం మొదలుపెట్టింది. తాటాకు ముడులు బిగుసుకుపోయి రాలేదు, కత్తిపీట తెచ్చి కోసింది. తడిక గోడకి ఆనించి, చిట్టియ్య ఎదురుగా నిలబడింది.

"తప్పైపోయింది బావగారూ" అంది. "లోపలికి రండి. మీ తమ్ముడి ఫొటోకి దణ్ణం పెట్టుకుందురుగాని."

చిట్టియ్య గడప దాకా వెళ్ళి, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడామె నా వైపు తిరిగింది.

"ఈ కాయితం ఇంకా ఎన్నిళ్ళల్లో ఉందండీ?"

"రెండొందలు తీయించాను" అన్నాను.

"వాళ్ళంతా నానబెడతానే ఉంటారు కదండీ?"

"ఆ."

"మరి ఇక్కడ కూర్చున్నారేంటండీ, మేష్టారూ?"

లేచాను. దణ్ణం పెట్టుకుని వచ్చిన చిట్టియ్య నా స్కూటరు వెనక ఎక్కాడు. నన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు. తనూ చెప్పలేదు.

మొదటి చెరువు అమ్మిరాజుది. మమ్మల్ని చూసి గట్టు మీదకి పరిగెత్తుకొచ్చాడు. వాడి షెడ్డులో కొక్కేనికి తాడు చుట్టలుగా వేలాడుతోంది. దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆయ్, మీరు చెప్పినట్టేనండీ! ఒక్కరోజు తప్పలేదు. ఎంత తెల్లగా ఉందో చూడండి."

చిట్టియ్య ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం ముసలివాళ్ళం, ఉన్న బలమంతా పెట్టి లాగాం. తెగింది.